‘ఆయ’ అన్న మాట

నేను వెర్రివాణ్ణన్న సంగతి మా వాళ్ళందరికీ నాకంటే ముందే తెలుసు. నాకు తెలియడానికి మాత్రం దేశానికి ఒక యుద్ధం రావలసి వచ్చింది. ఉత్త వెర్రి అయితే ఎలాగో గడిచిపోయేది. దానికి దేశభక్తి కూడా తోడైంది. వారానికొక పూట అన్నం మానుకోండని ఢిల్లీ పెద్దాయన రేడియోలో చెప్పారు. నేను ఆయన అడిగినదానికంటే ఒక పిడికెడు ఎక్కువే ఇవ్వాలనుకుని, విల్లియనూరు నుంచి మా అమ్మ నెలనెలా పంపే బియ్యాన్ని కూడా వద్దన్నాను. సరిహద్దులో సిపాయిలు పస్తులుంటే మనకు మూటలు మూటలు ఎందుకు, ఆ బియ్యం కూడా సర్కారుకే తోలేయమని చెప్పి పంపాను. నా ఇంటికొచ్చే బియ్యాన్ని అలా నా నోటితోనే ఆపేశాను. ఆ తర్వాత కూడా ఆ నోటికి తిండి తక్కువ కాలేదు. ఎందుకు కాలేదని అడగాలని కూడా దానికి తోచలేదు. మిగతా వెర్రితనాలకు ఏదో ఒక సాకు చెప్పుకోగలను గానీ దీనికి లేదు.

ఇన్నేళ్ళ తర్వాత ఇదంతా ఇప్పుడెందుకంటే, మా మేడమీద అద్దెకున్న శరణ్య మూలాన. పెళ్ళయి ఏడాది కూడా కాని పిల్ల. మొగుడు సేదరపేట్‌లో ఏదో కంపెనీలో షిఫ్టు పని, పగలు నిద్ర, రాత్రి డ్యూటీ. మొన్నామధ్య సముద్రాల అవతల ఎక్కడో యుద్ధమని, గ్యాసు ఓడలు ఆగిపోతాయని టీవీలో ఒకటే గోల. మా వీధిలో అందరూ ఒకేసారి సిలిండర్లకు ఫోన్లు చేశారు. ఆ పిల్ల చెంగుకు చెయ్యి తుడుచుకుంటూ దిగొచ్చి, “తాతా, మీ రెండో సిలిండర్ నిండుగా ఉండాదా? మాది ఈ పొద్దో రేపో అన్నట్టుంది,” అంది. నేనొక్కణ్ణే, నాకేం వంట, తీసుకోమన్నాను. మెట్లెక్కబోతూ ఆగి, వెనక్కి తిరిగి, “సాపాటు ఆయనా తాతా?” అని అడిగింది. అంతే. ఆ పిల్ల పైకి పోయింది కూడా. నేను మాత్రం చాలాసేపు ఆ మెట్ల దగ్గరే నిలబడిపోయాను.

మా పుదుచ్చేరి తెలుగు సంగతి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. ఎన్నో తరాల కిందట వచ్చి ఇక్కడ పాతుకుపోయిన వాళ్ళం. మా తెలుగు పాలల్లో తమిళం నీళ్ళు ఎంత కలిశాయో మాకే తెలియదు, తాగడానికి బాగుంటుంది కాబట్టి తాగుతుంటాం. ‘భోజనం అయిందా’ అని అడగాలంటే మేము ‘ఆయనా?’ అంటాం. అయితే ‘ఆయ’ అంటాం. పై ఊళ్ళ తెలుగువాళ్ళు వచ్చినప్పుడు ‘ఆయనా?’ అని పలకరిస్తే, ఏ ఆయన అని పాపం చుట్టూ చూస్తారు. మొగుడి పేరు ఎత్తని ఆడవాళ్ళకు మొగుడూ ఆయనే, భోజనమూ ఆయనా యే. ఈ రెండింటికీ ఉన్న సంబంధం నాకు ఆ రోజుల్లో వేళాకోళంగా ఉండేది.

అప్పట్లో మా కాపురం మురుంగపాక్కం వెళ్ళే దారిలో ఒక వాటా ఇంట్లో. ముందు తిన్నె, మధ్య ఒక గది, వెనక వసారాలో పొయ్యి, ఆ వెనక నూతి గట్టు, గట్టు పక్కన ఒక మునగచెట్టు. నేను మిల్లు ఆఫీసులో గుమాస్తా. మిల్లు సంగు, అదే సైరను, ఊదితే లేవడం, ఊదితే పోవడం, మళ్ళీ ఊదితే రావడం. మా ఊరి సగం మందికి దేవుడి గంటకంటే ఆ కూత మీదే భక్తి. ఇంటివాడు ఒక ముసలాయన, మా వాళ్ళే. ఫ్రెంచివాళ్ళ సైన్యంలో పనిచేసి పింఛను తెచ్చుకునే వాళ్ళను మా ఊళ్ళో సొల్దా అంటారు కాబట్టి ఆయన పేరు అందరూ మరిచిపోయి సొల్దా తాత అనేవాళ్ళు. భార్య పోయింది, పిల్లలు లేరు. సాయంత్రమైతే మా వాకిట్లో కుర్చీ వేసుకుని, ఏ దేశంలో యుద్ధం ఎలా జరగాలో చెప్పేవాడు.

నా భార్య పేరు కుప్పమ్మ. నగరి అవతల ఒక పల్లె. ఆమెకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, ఈమెనైనా దక్కించుకోవడానికి ఆ పేరు పెట్టారట. తెలుగులో కుప్ప అంటే కళ్ళంలో వడ్ల కుప్ప, లక్ష్మి. తమిళంలో కుప్పై అంటే చెత్త. నూతి దగ్గర పక్కింటి వాళ్ళు ‘కుప్పా’ అని పిలిచి నవ్వుకుంటే ఆమె ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి వచ్చేది. నేను ఊరడించడానికి, “ఈ కరువులో మనింట్లో ఉండే కుప్ప నువ్వొక్కతివే,” అనేవాణ్ణి. ఆమె నవ్వేది. ఆ హాస్యానికి నన్ను నేను మెచ్చుకునేవాణ్ణి కూడా. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే, అన్న నాలుక మీద నిప్పు పెట్టుకోవాలనిపిస్తుంది.

నాకు తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. మా ఊళ్ళో చాలామంది అంతే. ఆమె పల్లె బడిలో ఐదు దాకా చదివింది. పెళ్ళయిన కొత్తలో వాళ్ళ నాయన దగ్గర నుంచి ఉత్తరం వస్తే నేను తలకిందులుగా పట్టుకుని చూడడం గమనించి, నవ్వు ఆపుకోలేక వసారాలోకి పరిగెత్తింది. ఆ ఆదివారం నుంచి నాకు ఓనమాలు మొదలైనాయి. పళ్ళెంలో బియ్యం పోసి దిద్దించాలి కదా. ఆమె పళ్ళెంలో పొయ్యి బూడిద జల్లెడ పట్టి పోసింది. “బియ్యం యాడ?” అన్నాను. “బియ్యంలో దిద్దితే మీకు అక్షరాలు రావు, ఆకలి వస్తాది,” అంది. నేను పగలబడి నవ్వాను. బూడిదలో పోసిన పన్నీరు అంటారే, అది నాకు చెప్పిన చదువే అని జవాబిచ్చాను. ఇద్దరం మాటకు మాట వేసుకుని సంతోషించాం. ఒకరు నవ్వుతూ ఏదైనా చెప్తే అందులో నిజం ఉంటుందన్న తెలివి నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

అప్పటి కొరతలు ఇప్పటివాళ్ళకు చెప్తే కథలనుకుంటారు. ఏ అంగడికి పోయినా ‘ఇల్లై’. తమిళంలో ఇల్లై అంటే లేదని. చక్కెర ఇల్లై, కిరసనాయిలు ఇల్లై, పప్పు ఇల్లై. అక్కడ ఇల్లై అనిపించుకుని మనం వచ్చేదీ ఇల్లే అని ఆఫీసులో చెప్పి నవ్వించేవాణ్ణి. కిరసనాయిలును మా వైపు జనం కృష్ణాయిల్ అంటారు. తెల్లారకముందే డబ్బాలు వరుసలో పెట్టి, పైన గుర్తుకు రాయి పెట్టి పోయేవాళ్ళు. కృష్ణుడి దర్శనానికి కూడా అంత వరుస ఉండేది కాదు. కుప్పమ్మ మధ్యాహ్నం దాకా నిలబడి సీసాకు సగం తెచ్చేది. దీపానికి తప్ప దాన్ని వాడేది కాదు. స్టవ్ మూలన పడింది, కట్టెల పొయ్యి వెలిగింది. పచ్చి కట్టెల పొగకు ఇల్లంతా ఒక వగరు వాసన. నా చొక్కాల్లో, ఆమె జుట్టులో, ఆఖరికి మజ్జిగలో కూడా ఆ వాసనే. ఈ మధ్య ఎవరో టీ అంగడి ముందర పచ్చి కొమ్మలు కాల్చితే, ముసలివాణ్ణి, రోడ్డు మీద నిలబడి ఆ పొగ పీల్చుకున్నాను. వాడు నన్ను అనుమానంగా చూశాడు.

రేషన్లో బియ్యం బదులు గోధుమలు ఇచ్చేవాళ్ళు. గోధుమలను ఏం చేయాలో మాకెవరికీ తెలియదు. కొందరు అన్నంలాగా ఉడకబెట్టి, నమల్లేక దవడలు పట్టుకున్నారు. కుప్పమ్మ వాటిని వేయించి, విసిరి, నూక చేసి, నూకలో మునగాకు దూసి వేసి, ఏదో కొంచెం తాలింపు తగిలించేది. నేను ఆ మునగాకు నూకను పొగిడి పొగిడి, ఆమెను మునగచెట్టు ఎక్కించేవాణ్ణి. నిజానికి చెట్టెక్కింది నేను. ఎంత కరువులోనూ నా పెళ్ళాం ఎలా నెట్టుకొస్తోందో చూడండని ఆఫీసులో డప్పు కొట్టుకునేవాణ్ణి. సోమవారం రాత్రి దేశం కోసం పస్తు. ఆ రాత్రి సొల్దా తాతకు వినపడేలా గట్టిగా మంచినీళ్ళు తాగి, పెద్దగా తేన్చేవాణ్ణి. మంగళవారం పొద్దున సోమవారం బాకీ కూడా కలిపి తినేవాణ్ణి. ఆమె వడ్డిస్తూనే ఉండేది.

తినే పద్ధతి ఇది. రాత్రి దీపం పెట్టిన కాసేపటికి నాకు ఆకు వేసేది. చాలా రోజులు సొల్దా తాతకూ వేసేది, ఆయన్ని పిలిచేది నేనే కాబట్టి. “రా తాతా, ఒక ముద్ద తినేసి పో,” అనడం నాకు తేలిక. నా నోటి నుంచి వచ్చేది మాటే గదా, అన్నం కాదు. ఆయన మొహమాటపడుతూనే కూర్చునేవాడు. “ఇదొక యుద్ధమారా? ఇండోచైనాలో మేము బెల్టు తోలు ఉడకబెట్టి ఆ నీళ్ళు తాగితిమి,” అని చెప్తూ, “ఇంకొంచెం నూక పెట్టమ్మా,” అనేవాడు. బెల్టు తిన్నవాడి కడుపు నింపడం మాటలా. మేమిద్దరం తిని, తిన్నె మీదికి పోయి వక్కపొడి నములుతూ కూర్చునేవాళ్ళం. మగవాళ్ళు లేచిపోయాక ఆడవాళ్ళు తినడం మా ఇళ్ళలో అలవాటు, ఎవరూ అది తప్పనుకోలేదు. కాసేపటికి నేను లోపలికి తొంగిచూసి, మంచి మొగుణ్ణి కదా, అడిగేవాణ్ణి. “ఆయనా?” వసారాలో గిన్నెల చప్పుడు మధ్య నుంచి ఆమె జవాబు వచ్చేది. “ఆయ.” నేను తృప్తిగా మళ్ళీ తిన్నె మీదికి పోయేవాణ్ణి.

ఆమె చిక్కిపోవడం నేను చూడలేదని కాదు. చూశాను. పుట్టింటి మీద బెంగ అనుకున్నాను. కట్టెల పొగ పడలేదనుకున్నాను. జాకెట్టు చేతులు వదులైతే, కుట్టినవాడికి కొలత తెలియదన్నాను. తోచిన కారణాలన్నీ తెచ్చి పెట్టుకున్నాను, ఒక్కటి తప్ప.

మా అమ్మ ఒక ఆదివారం మధ్యాహ్నం చెప్పకుండా దిగింది. విల్లియనూరు బస్సు దిగి నడుచుకుంటూ వస్తుంటే నేను తిన్నె మీద నుంచి చూసి అదిరిపోయాను. నడుము ఒక పక్కకు వంచి, చేత్తో పొట్ట పట్టుకుని, నిండు చూలాలి నడక. మా అమ్మకు అప్పటికే తల సగం నెరిసింది. దగ్గరకొచ్చి, “ఏమిరా అట్ల చూస్తావు? కండెక్టరు కూడా ఇట్లే చూసి, పాపం ఎవరినో లేపి సీటు ఇప్పించె,” అంది. చీర కింద పొట్టకు బియ్యం మూట కట్టుకుని వచ్చింది. ఆ రోజుల్లో బియ్యం ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకుపోతే దారిలో తనిఖీ వాళ్ళు దింపేసుకునేవాళ్ళు. “నేను వద్దంటిని గదమ్మా,” అన్నాను. “నువ్వు వొద్దంటే నేను వింటానా? నీ దేశానికి ఇయ్యాల్సింది ఇస్తిమి. ఇది నా కోడలికి. ముందు కాళ్ళకు నీళ్ళు ఇయ్యి,” అంది.

అప్పటికి వంట అయిపోయి ఉంది. ఎండలో వచ్చిన మనిషి, మూట విప్పడానికి కూడా ఓపిక లేదు. కుప్పమ్మ, “ముందు తినండత్తా, అది మెల్లిగా విప్పుకోవచ్చు,” అని నా పక్కనే ఆమెకూ ఆకు వేసింది. ఆ పూట సొల్దా తాత కూడా ఉన్నాడు. మా అమ్మ మునగాకు నూక తిని, “బాగుండాదే, నీ చేతి రుచి,” అని మారు అడిగి వేయించుకుంది. తిన్నాక నేను అలవాటుగా గడప దగ్గర నిలబడి, “ఆయనా?” అన్నాను. వసారా నుంచి, “ఆయ.” నేను తిన్నె వైపు తిరిగాను. మా అమ్మ చెయ్యి కడుక్కోవడానికి వసారాలోకి పోయింది. నీళ్ళ చప్పుడు వినపడలేదు. గిన్నె మూత తీసిన చప్పుడు వినపడింది. తర్వాత ఇంకో మూత.

“రేయ్, ఇట్ల రా,” అంది. పోయాను. మూతలు తీసిన గిన్నెలు ఉత్తివి, నూక గిన్నె అప్పటికే కడిగి బోర్లించి ఉంది. మా అమ్మ దాని అడుగున చెయ్యి పెట్టింది. మేమింకా తింటుండగానే కడిగేసినట్టు, ఆ అడుగు ఎండిపోయి ఉంది. ఎంగిలి పడిన పళ్ళెం ఒక్కటి కూడా లేదు. “ఆయ అనింది గదా నీ పెండ్లాము. ఏం ఆయనో అడిగితివా ఏ పొద్దన్నా?” అంది. నాకు అర్థం కాలేదు. అర్థం అయ్యేసరికి వసారా గుంజ పట్టుకున్నాను. మా తెలుగులో తినడం ముగిసినా ఆయే, గిన్నెలో అన్నం ముగిసినా ఆయే. నూనె ఆయ, ఉప్పు ఆయ, బియ్యం ఆయ అని రోజూ వింటూనే ఉన్నాను. ఆ రెండు ఆయలూ ఒకటేనని, ఒకదాని వెనక ఒకటి దాక్కోగలదని ఆ మాటలోనే పుట్టి పెరిగిన నాకు తట్టలేదు. నగరి అవతల నుంచి వచ్చిన పిల్ల దాన్ని వెదికి పట్టుకుంది.

మా అమ్మ చీర కుచ్చిళ్ళు సడలించి, పొట్ట మీది మూట విప్పి, బియ్యం కింద పెట్టింది. “నా కడుపు మింద బియ్యం కట్టుకోనొచ్చి, దాని కడుపులోకి పోవాల్సిన కూడు నేను తింటినే,” అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. కుప్పమ్మ పొయ్యి పక్కన తల వంచుకుని నిలబడి ఉంది. మా అమ్మ దగ్గరికి పోయి ఆమె గడ్డం పట్టి ఎత్తి, కళ్ళ కింద చూసి, చెవిలో ఏదో అడిగింది. ఆమె తల ఊపింది. అలా ఒకే నిమిషంలో నాకు బిడ్డ పుట్టబోతున్నాడని, ఆ బిడ్డ తల్లి పూట పూటా పస్తు ఉందని తెలిసింది. సొల్దా తాత వాకిట్లో నుంచే అంతా విన్నాడు. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆయన మా ఇంట్లో మెతుకు ముట్టలేదు. రోజూ తెల్లారేసరికి మా కిటికీ గట్టు మీద పొడుగాటి ఫ్రెంచి రొట్టె ఒకటి, పేపర్లో చుట్టి, ఉండేది. తలుపు తట్టేవాడు కాదు. అడిగితే, “ఏ రొట్టె? నాకేం తెలుసు?” అనేవాడు. మా అమ్మ ఊరికి పోకుండా మా దగ్గరే ఉండిపోయి, ఇంత గంజి, ఇంత సంగటి, కోడలి పక్కన కూర్చుని తినిపించింది. నేను రేడియో వినడం మానేశాను. కానీ అప్పటికే ఆలస్యమైంది. బిడ్డ నిలవలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ తిండి లేకనే అని అనలేదు. కాదని కూడా అనలేదు. “మొదటి కాన్పుకు ఇట్ల అవుతుంటాది,” అంది. ఆ వాక్యాన్ని నేను ఎన్ని రకాలుగా చదివానో, ఇప్పటికీ దాని అర్థం తేల్చుకోలేకున్నాను. కొత్తగా నేర్చుకున్న అక్షరాలతో అన్నీ చదవగలుగుతాననుకున్నవాణ్ణి.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక రోజు, మాకిద్దరికే చోటు దొరికినప్పుడు, అడిగాను. “ఎందుకట్ల అబద్ధం చెప్పినావు?” ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమెకు అబద్ధం అన్న మాట చాలా పెద్ద మాట, వాళ్ళ నాయన అది ఆడకూడదనే పెంచాడు. “నేను యాడ అబద్ధం చెప్తిని మామా? ఆయ అంటిని. ఆయ గదా,” అంది. “మీరు అంత సంతోషంగా తింటా ఉంటిరి. దేశం, గీశం అని చెప్పుకుంటా ఉంటిరి. మధ్యలో నేను బియ్యం లేవని ఎట్ల చెప్పేది?” అంది. ఆమె గొంతులో నా మీద కోపం కోసం వెదికాను. ఉండి ఉంటే దాన్ని పట్టుకుని ఏడ్చేవాణ్ణి. లేదు. ఉన్నదల్లా నన్ను సిగ్గుపడనివ్వకూడదన్న జాగ్రత్త ఒక్కటే. దానికంటే బరువైనది నేను ఇంతవరకూ మోయలేదు.

అప్పటి నుంచి నేను కుండ చూసే మొగుణ్ణయ్యాను. మా ఊళ్ళో అది మంచి పేరేమీ కాదు. పెళ్ళాం వంటింట్లో దొంగతనంగా ఏం తింటోందో చూసేవాణ్ణి అలా అంటారు. నేనైతే ఆమె ఏం తినడం లేదో చూసేవాణ్ణి. ముందు నువ్వు తిను, తర్వాత నేను తింటాను అని మొండికేసి కూర్చున్నాను. “మొగుడి ముందర కూర్చుని తింటే నాకు కూడు దిగదు,” అంది. పక్కనే కూర్చుని తిందామన్నాను. కూర్చుంది. వడ్డించడానికి లేస్తూనే ఉంది. నా ఆకు ఖాళీ అయింది గానీ ఆమెది అలాగే ఉంది. యుద్ధం ముగిసింది. బియ్యం వచ్చాయి, చక్కెర వచ్చింది, కృష్ణాయిల్ పోయి గ్యాసు వచ్చింది. కొడుకు పుట్టాడు, కూతురు పుట్టింది. వాళ్ళు తినేదాకా నేను, నేను తినేదాకా ఆమె. గుమాస్తా హెడ్ గుమాస్తా అయ్యాడు, వాటా ఇల్లు పోయి సొంత ఇల్లు వచ్చింది, బల్ల మీద తినడం వచ్చింది. ఆమె మాత్రం అందరూ లేచాక, గిన్నెల అడుగున ఉన్నదాన్ని గోకి పెట్టుకుని, నిలబడే తినేది. నేను పక్కన నిలబడి ఎంత పెట్టుకుందో చూసేవాణ్ణి. “పోండి మామా, దిష్టి తగులుతాది,” అని తరిమేది. జీవితమంతా నేను ఓడిపోయిన యుద్ధం అదొక్కటే.

మేడమీది శరణ్య, ఆమె మొగుడు కలిసే తింటారు. ఒక్కోసారి అతను పని నుంచి వచ్చి, ఆమెకు వేరే టిఫిన్ తెచ్చి, ఆమె తినేదాకా కబుర్లు చెప్తూ కూర్చుంటాడు. కిందికి నవ్వులు వినిపిస్తాయి. వాళ్ళకు ఏదైనా కావాలంటే ఫోన్లో వేలితో తడితే ఎవరో తెచ్చిస్తారు. లేకపోతే ‘లేదు’ అని ఫోనే చెప్పేస్తుంది, మనిషి చెప్పనక్కరలేదు. నాకు వాళ్ళను చూస్తే అసూయ కలుగుతుంది. వాళ్ళ సిలిండర్ మీద కాదు. ఆ పిల్లకు ఆకలైతే ఆకలని చెప్పేస్తుంది, దాని మీద. మా కాలంలో ప్రేమ ఎక్కువ అని నా వయసువాళ్ళు పార్కులో అంటుంటే నేను నోరు మూసుకుని ఉంటాను. ప్రేమ ఎక్కువే. అది ఎవరి కడుపు మాడ్చుకుని ఎక్కువైందో అడిగే ధైర్యం మాకు తక్కువ.

కుప్పమ్మ పోయి ఏడాది తిరిగింది. చివరి రోజుల్లో ఆమెకు నిజంగానే ఏదీ దిగేది కాదు. నేను స్పూనుతో గంజి పట్టుకుని కూర్చుంటే, రెండు స్పూన్లకే చెయ్యి అడ్డం పెట్టి, “మీరు తినండి,” అనేది. ఆఖరి మాటలేవో గొప్పగా చెప్పిందని రాసుకోవాలని ఉంది. కానీ అదే మాట.

మొన్న ఏడాది తిథికి పిల్లలు వచ్చారు. కూతురు, కోడలు కలిసి ఆమెకు ఇష్టమైనవన్నీ వండారు. ఏవి ఇష్టమో వాళ్ళలో వాళ్ళు వాదించుకున్నారు. ఎవరికీ సరిగ్గా తెలియదు, ఆమె ఏనాడు ఏది అడిగి తినింది గనుక. ఫోటో ముందర పెద్ద అరిటాకు వేశాం. వడ్డన నేనే చేస్తానన్నాను. అన్నం పెట్టాను, పప్పు పోశాను, వడలు, పాయసం, మునగాకు పొరటు. “చాలు నాన్నా, ఆకు నిండిపోయింది,” అంది కూతురు. ఇంకో గరిటె అన్నం పెట్టాను. తర్వాత మా పద్ధతి ప్రకారం అందరం బయటికి వచ్చి, గది తలుపు చేరవేశాం. పోయినవాళ్ళు ఒంటరిగా, ఎవరి కళ్ళూ పడకుండా తింటారని నమ్మకం. ఒక ఐదు నిమిషాలు ఆగి తలుపు తీయడం, కర్పూరం వెలిగించడం, ఆ తర్వాతే ఇంట్లో ఎవరైనా చెయ్యి కడుక్కోవడం.

నేను తలుపు ముందర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఐదు నిమిషాలయ్యాయి. ఇంకాసేపయింది. వంటింట్లో వాసనలు తిరుగుతున్నాయి. మనవరాలు వాళ్ళమ్మ కొంగు లాగింది. అల్లుడు గడియారం చూసి, నన్ను చూసి, మళ్ళీ గడియారం చూశాడు. నాకు కూడా కడుపులో కాలుతోంది, పొద్దున్నించీ కాఫీ కూడా తాగలేదు. కొడుకు మెల్లిగా దగ్గరికొచ్చి, “నాయనా, పొద్దు పోయ. తలుపు తీస్తామా? అందరికీ ఆకలేస్తా ఉండాది,” అన్నాడు.

“వేయనీ,” అన్నాను. “ఉండు. మీ యమ్మ ఇంకా తింటా ఉంది.”